గృహమున డీజే సాధన

డీజే యను మాట చెవిని బడగానే మన గృహిణులలో పెక్కురకు బొమలు ముడివడును. అందుకు కారణము లేకపోలేదు. పెండ్లి బరాతులయందును, గణేశ నిమజ్జనములయందును బండిమీద గోడవలె పేర్చిన స్పీకర్లు వీథివెంట కదలుచుండగా కిటికీ యద్దములు గడగడలాడుట, ఉయ్యాలలోని శిశువు ఉలికిపడి యేడ్చుట, గుండెజబ్బు గల పెద్దలు ఱొమ్ము పట్టుకొని లోపలిగదిలోనికి పోవుట మన మెఱిగినవియే. 2024వ సంవత్సరమున హైదరాబాదు నగర పోలీసువారు మతసంబంధమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించుటకు ఈ బాధయే మూలము.

అయితే ఊరేగింపు బండిమీది ఘోషయు, డీజే విద్యయు నొక్కటి కావు. ఒక యింట వంటిల్లు అంటుకొన్నదని వంటనే దూషింపము గదా! ఆ విద్య నేడొక చిన్న పెట్టెగా మాఱి చదువుబల్లమీదికి వచ్చినది. కళాశాలలో చదువు కుమారుడో, కుమార్తెయో “అమ్మా, నాకొక డీజే కంట్రోలరు కొనిపెట్టవా” యని యడుగు కాలమిది. అడిగినదే తడవుగా కొనియిచ్చుటయు తగదు. పేరు వినగానే కసరికొట్టుటయు తగదు. తల్లి యా విద్య యెట్టిదో కొంత తెలిసికొని, ఏ నియమములతో నది యింట నిలువదగునో తానే నిర్ణయింపవలెను. అందుచేత ఈ నెల యా విషయమునే ముచ్చటింతము.

డీజే యనగా డిస్క్ జాకీ. పాటల రికార్డులను నడపువాడని యర్థము. ఈ కళ పుట్టుకలో ఒక యాడుబిడ్డ చేయి కలదని చాలమంది యెఱుగరు. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ ప్రాంతమున సిండీ క్యాంప్‌బెల్ అను బాలిక, బడి తెఱచులోపల క్రొత్త దుస్తులు కొనుటకై సొమ్ము కూర్చుకొనదలచి, తాము నివసించు భవనమందలి సమావేశపు గదిలో నొక వేడుక నేర్పాటుచేసినది. ప్రవేశమునకు బాలికలు 25 సెంట్లు, బాలురు 50 సెంట్లు ఇయ్యవలెనని నియమించినది. ఆమె యన్నయే కూల్ హెర్క్ అను పేర ప్రసిద్ధుడైన డీజే. నాడు పాటలు నడపినవాడతడే. ఒకే పాటగల రెండు రికార్డులను రెండు యంత్రములపై నుంచి, నర్తకులు మెచ్చు వాద్యభాగమును విరామము లేక సాగించు నేర్పు అతనివలన వ్యాపించినది. హిప్‌హాప్ సంగీతమునకు ఆ దినమే జన్మదినమని నేడు పెక్కురు జరుపుకొందురు. 1972లో వచ్చిన టెక్నిక్స్ వారి ఎస్‌ఎల్-1200 యను రికార్డు యంత్రము ఈ కళకు చిరకాలము పనిముట్టయ్యెను. 2001లో వచ్చిన పయనీర్ సీడీజే-1000తో సీడీలను సైతము రికార్డులవలె చేతితో త్రిప్పుట సాధ్యమయ్యెను. పిమ్మట పాటలన్నియు కంప్యూటరులో నిమిడినవి.

ఇక నీ విద్యయొక్క సారమేమి? ఒక పాట ముగియుచుండగా, వినువారికి తెగినట్లు తోపకుండ రెండవ పాటను దానిలో కలుపుటయే. రెండు మూరల పూలదండలను ముడి కనబడకుండ కూర్చు పనివంటిది. దీనికి కావలసిన సాధనములు నాలుగు: లాప్‌టాపు, అందులో నొక డీజే సాఫ్ట్‌వేరు, కంట్రోలరు, హెడ్‌ఫోను. స్పీకర్లు అయిదవవి, వాని ప్రసంగము తరువాత వచ్చును.

కంట్రోలరు అనునది మన శానమువలె బల్లపఱుపుగా నుండు పెట్టె. దానిపై ఇరుప్రక్కల రెండు చక్రములుండును. వీనిని జాగ్‌వీళ్లు అందురు. ఒక్కొక్క చక్రమొక్కొక్క పాటకు కళ్లెము. ప్రక్కన నిలువుగా జరుపు మీట పాట వేగమును హెచ్చించును, తగ్గించును. నడుమ అడ్డముగా జరుపు మీట క్రాస్‌ఫేడరు; ఎడమకు జరిపిన నెడమపాట, కుడికి జరిపిన కుడిపాట, నడుమ నుంచిన రెండును వినబడును. పైనుండు బిరడాలు మంద్ర మధ్య తారధ్వనులను వేఱువేఱుగ తగ్గించుటకును, హెచ్చించుటకును. రెండు పాటల మంద్రధ్వనులు ఒకేసారి మ్రోగినచో నంతయు బురదబురదగా వినబడును గనుక, ఒకదాని మంద్రమును తగ్గించుచు రెండవదాని మంద్రమును తెచ్చుట మేలైన పద్ధతి.

హెడ్‌ఫోనుతో చేయుపని విచిత్రమైనది. సభకు వినబడు పాట యొకటి. రాబోవు పాట మఱియొకటి, అది సాధకునకు మాత్రమే వినబడును. ఒక పొయ్యిమీద అన్నము కనిపెట్టుచు రెండవ పొయ్యిమీద పోపు మాడకుండ చూచు మనకీ ద్వంద్వావధానము క్రొత్త కాదు. అయితే యిందుకు కంట్రోలరునందు స్పీకర్లకొకటి, హెడ్‌ఫోనునకొకటి, వేఱువేఱు ధ్వనిమార్గములుండవలెను. కొనునపుడు మొదట విచారింపవలసిన దిదియే.

కొనుటకు ముందు ఇంకొక మాట. మిక్స్ అను సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించును. 2001 నాడే మొదలైన యీ పనిని స్వచ్ఛందముగా పెక్కుమంది కలిసి నడపుచున్నారు. పిల్లలను మూడు నెలలు దీనితోనే, లాప్‌టాపు మీటలతోనే సాధన చేయుమనుడు. ఆ మూడు నెలలలో ఆసక్తి చల్లారినచో వేలరూపాయలు మిగులును. నిలిచినచో కొన్న వస్తువు అటకమీదికి పోదు.

సాధన యంతయు లయలో నున్నది. శ్రుతి తల్లి, లయ తండ్రి యని మన పెద్దలన్నమాట ఇక్కడ అక్షరాల వర్తించును. ప్రతిపాటకును నిమిషమున కిన్ని దెబ్బలను లెక్క కలదు. దీనిని బీపీయం అందురు. 120 దెబ్బల పాటనుండి 126 దెబ్బల పాటకు పోవలెనన్న, మొదటిదానిని నూటికి 5 వంతున వేగిరపఱచి రెంటిని సమము చేయవలెను. వేగము పెరిగినకొలది శ్రుతియు పెరుగును. నూటికి సుమారు 6 వంతులు పెంచినచో పాట సరిగ ఒక స్వరస్థానము పైకెక్కును. ఉదాహరణమునకు శుద్ధమధ్యమము ప్రతిమధ్యమపు చోటికి పోవును. శ్రుతి కదలకుండ వేగమును మాత్రమే మార్చుటకు కీలాక్ అను మీట కలదు. సంగీతము కొంత నేర్చిన తల్లులు ఇచ్చట పిల్లలకు గురువులే కాగలరు.

సింక్ అను మీట నొక్కినచో కంప్యూటరే రెండు పాటల లయను కలుపును. దానినే నమ్మియుండరాదు. మన తెలంగాణపు డప్పుదరువు తీన్‌మారు త్రిశ్రగతిలో నడచును. చలనచిత్రగీతములు పెక్కు చతురశ్రగతిలోనివి. త్రిశ్రగతి పాటలను లెక్కించునపుడు యంత్ర మొక్కొక్కప్పుడు పొరబడి, ఒకటిన్నర రెట్లో రెట్టింపో సంఖ్య చూపును. అప్పుడు తొడమీద తాళము వేసికొని లెక్కించిన చెవియే దిక్కు. కావున మొదటి నెల సింక్ మీటను ముట్టకుండ సాధన చేయింపుడు.

అమరికలో గమనింపవలసినవి కొన్ని కలవు. బల్ల, నిలుచున్నవారి మోచేతి యెత్తున కదలక నుండవలెను. బ్లూటూత్ స్పీకర్లు ఈ పనికి కొఱగావు. ధ్వని కొంత యాలస్యముగా వచ్చును గనుక చేతికిని చెవికిని పొత్తు కుదరదు. తీగల స్పీకర్లే వాడవలెను. యంత్రములను ఆరంభించునపుడు స్పీకర్లను కడపట, ముగించునపుడు మొదట మీట నొక్కవలెను. అట్లు చేయనిచో ఢబ్బుమను దెబ్బకు స్పీకరు చెడవచ్చును. ధ్వనిదీపము ఎఱ్ఱబాఱకుండ చూచుకొనవలెను. ఎఱ్ఱదీపము వెలిగిన పాట బిగ్గఱగా కాదు, పగిలినట్లు వినబడును. గుంయ్ మను రొద యెడతెగక వచ్చుచున్నచో యంత్రములన్నిటిని ఒకే ప్లగ్గుపెట్టెనుండి నడపి చూడుడు. అప్పటికిని తగ్గనిచో ఇంటి ఎర్తింగును విద్యుత్ పనివానిచే పరీక్షింపజేయుడు. అది పాటకు మాత్రమే కాదు, ప్రాణమునకును సంబంధించినది.

చెవుల సంగతి తల్లులు ముఖ్యముగా నెఱుగవలెను. డెసిబెళ్ల లెక్క మామూలు కూడికలవంటిది కాదు. 3 డెసిబెళ్లు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును. 80 డెసిబెళ్ల ధ్వనిని పెద్దవారు వారమునకు 40 గంటలవఱకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అమెరికాలోని వృత్తిరక్షణ శాస్త్రజ్ఞుల లెక్కలో 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలు, 88 అయినచో 4 గంటలు, 100 అయినచో 15 నిమిషములు మాత్రమే. లోపలిచెవియందలి సూక్ష్మమైన రోమకణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. సాధన ముగిసిన పిమ్మట చెవిలో గీమను రొద వినబడుచున్నదని బిడ్డ చెప్పినచో, అది హెచ్చరిక యని తెలిసికొని నాలుగుదినములు హెడ్‌ఫోను దాచివేయుడు. రొద నిలిచియున్నచో వైద్యునకు చూపుడు.

ఇక పొరుగు. ఈ విషయమున మా కిష్టారెడ్డిపేటవంటి చోట్లకు ఇతరస్థలములకు లేని చిక్కొకటి కలదు. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేసి తెల్లవాఱి యిలుసేరువారు మా వీథులలో ఎందఱో. వారికి పగలే రాత్రి. చట్టము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు నిశ్శబ్దమును కాపాడును గాని, ఉదయము పదిగంటలకు నిద్రించు శ్రామికుని కాపాడదు. నిద్ర చాలక మరునాడు యంత్రముకడ నిలిచినవాని చేయి యేమగునో చెప్పనక్కఱలేదు. ఆ యిల్లాలు పిల్లలను సద్దుచేయకుడని నోరుమూసి, కుక్కరు కూత వినబడకుండ వంటచేసి కాపాడిన నిద్రను, గోడ కీవలనుండి మన బిడ్డ యొక మీట జరిపి హరింపవచ్చునా?

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతమున పగటికి 55, రాత్రికి 45 డెసిబెళ్లని పరిమితి విధించినవి. ఇంటిలోని ధ్వనియంత్రము వలన ఇంటి సరిహద్దుకడ నీ పరిమితికి 5 డెసిబెళ్లకు మించి హెచ్చరాదు. ఇద్దఱు ఎదురెదురుగా మాటలాడుకొను ధ్వనియే సుమారు 60 డెసిబెళ్లు గదా! కాబట్టి నిత్యసాధన హెడ్‌ఫోనుతోనే సాగవలెను. స్పీకర్లు వారమున కొకటి రెండు మారులు చాలును.

గోడలకు కోడిగ్రుడ్ల అట్టలు అంటించినచో ధ్వని వెలికి పోదని యొక భ్రమ వ్యాపించియున్నది. అట్టలును దుప్పట్లును గదిలోని ప్రతిధ్వనిని కొంత తగ్గించును గాని, మంద్రధ్వనిని ఆపజాలవు. అది గోడలోను శ్లాబులోను ప్రాకి పై యంతస్తునకును క్రింది యంతస్తునకును పోవును. స్పీకర్లను పొరుగింటి గోడ కానించకుడు. మూల నుంచకుడు, మూల మంద్రమును హెచ్చించును. క్రింద దళసరి రబ్బరు పలకలు వేయుడు. మంద్రపు బిరడాను తగ్గింపుడు. వీనియన్నిటికంటె ఫలకారియైనది మఱియొకటి కలదు: ఇరుగుపొరుగు స్త్రీల నడిగి, ఆ వారము వారి యింటివారి షిఫ్టేదియో క్యాలెండరుమీద వ్రాసికొనుట. షిఫ్టులు మాఱుచుండును గనుక ప్రతివారము అడుగవలెను. ఆ యడుగుటను బిడ్డచేతనే చేయింపుడు. తన వినోదమునకు హద్దు పోలీసువారి ఉత్తరువు కాదు, ప్రక్కింటివారి నిద్ర యని వానికప్పుడు తెలియును.

కుమారు డడిగిన ముచ్చటయని, కుమార్తె యడిగిన నలుగురేమనుకొందురో యని తలచు తల్లులు కలరు. ఇది న్యాయము కాదు. మెహెందీ, సీమంతము మున్నగు స్త్రీల వేడుకలలో ధ్వనియంత్రముకడ మన యాడపిల్లయే నిలిచినచో, ముసలమ్మ చెవులు మూసికొనుట చూచి తానే తగ్గించును. బతుకమ్మనాడు పాట మన కంఠములనుండి, తాళము మన చప్పట్లనుండి రావలెను; యంత్రము వానిని ముంచివేయరాదు. ఎప్పుడు పాట వేయవలెనో, ఎప్పుడు ఆపి స్త్రీలను పాడనీయవలెనో తెలిసిన బాలిక యుండుట ఆ పండుగకే మేలు.

దీనిని వృత్తిగా చేపట్టగోరువారు చట్టము నెఱిగియుండవలెను. 1957 సంవత్సరపు కాపీరైటు చట్టమునందలి 52వ సెక్షను వివాహపు ఊరేగింపును, వివాహసంబంధమైన వేడుకలను మినహాయించినది. 2023 జూలైలో కేంద్రప్రభుత్వమువారును దీనిని మరల స్పష్టపఱచిరి. హోటళ్లలోను, టిక్కెట్లు పెట్టిన సభలలోను పాటలు వేయుటకు మాత్రము హక్కుదారుల యనుమతి కావలెను.

సోదరీమణులారా! బిడ్డ యీ విద్యను కోరినచో మూడు షరతులు పెట్టుడు: మూడు నెలలు ఉచితసాధనముతో అభ్యాసము, నిత్యము హెడ్‌ఫోను మితముగా వాడుట, వారమువారము పొరుగువారిని విచారించుట. ఈ మూడును నెఱవేర్చిన బిడ్డకు కంట్రోలరు కొనియిచ్చుటకు సందేహింపకుడు. నెఱవేర్పనిచో, వానికి కావలసినది సంగీతము కాదు, శబ్దమని తెలిసికొనుడు. మీ యిండ్లలో నీ విషయమున నెట్టి యేర్పాటులు చేసికొంటిరో వ్రాసిపంపినచో రాబోవు సంచికలలో ముచ్చటింతము.