సగటుకు అందని బస్తీలు

2005లో హైదరాబాద్‌లోని 104 బస్తీలను చీటీలు తీసినట్టుగా రెండు వాటాలు చేశారు. ఒక వాటాలోని 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ అప్పులివ్వడం మొదలుపెట్టింది. మిగతా 52 పోలిక కోసం ఆగాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ఈ అధ్యయనం 2015లో అచ్చయింది. అప్పటికే ఉన్న చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది. ఇంటి మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. చిన్న అప్పుతో పేదరికం పోతుందని ఊరూరా చెబుతున్న కాలంలో ఈ మాట అనడానికి ధైర్యం కావాలి.

అయితే ఆ లెక్కలోకి రానివాళ్ల సంగతి?

మొదట ఎంచుకున్నవి 120 బస్తీలు. వలస కూలీలు ఎక్కువగా ఉన్నారని 16 బస్తీలను ముందే తీసేశారు. రేపు ఎక్కడుంటారో తెలియనివాళ్ల దగ్గర వారం వారం వసూలు కష్టం కాబట్టి అప్పిచ్చే సంస్థకు అది వ్యాపార జాగ్రత్త. పరిశోధనకు అదే పెద్ద లోటు. నగరంలో మేడలు కట్టే చేతులే నగరపు పేదరికం లెక్కలోంచి జారిపోయాయి.

పోలిక కూడా అనుకున్నంత తేటగా నిలవలేదు. దాదాపు ఏడాదిన్నర గడిచేసరికి వేరే సంస్థలు పోలిక బస్తీల్లోకీ వచ్చేశాయి. సూక్ష్మరుణం ఉన్న కుటుంబాలు స్పందన వెళ్లిన బస్తీల్లో 26.7 శాతం, పోలిక బస్తీల్లో 18.3 శాతం. ఇంత చిన్న తేడా మీద నిలబడిన సగటును పట్టుకుని అప్పు మంచిదనో చెడ్డదనో తేల్చేయడం తొందరపాటే.

అన్నిటికన్నా చిక్కైనది సర్వే కోసం గుమ్మం దగ్గర జరిగే సంభాషణ. ఒకే గది ఇల్లు. పక్కన అత్తగారు, వాకిట్లో అదే అప్పు గ్రూపులోని ఇంకో సభ్యురాలు. ఒకరు కిస్తీ తప్పితే మిగతావాళ్లు కట్టాల్సిన గ్రూపు అది. అలాంటి చోట 'మీకు ఎంత అప్పుంది?' అని అడిగితే ఏ ఇల్లాలు ఉన్నదున్నట్టు చెప్పగలదు? సర్వేకు వచ్చినవాళ్లు ఏదో పథకం కోసం పేర్లు రాసుకుంటున్నారని ఆశపడేవాళ్లూ ఉంటారు. ఆ ఆశతో పెట్టిన సంతకాన్ని సమ్మతి అనలేం. కాగితం చదివి వినిపించినంత మాత్రాన బాధ్యత తీరదు. ఆమె ఒంటరిగా మాట్లాడే వీలు చూడాలి, వద్దంటే నష్టమేమీ ఉండదని నమ్మకం కలిగించాలి. దానికి సమయం పడుతుంది. రోజుకు ఇన్ని ఇళ్లని లక్ష్యం పెట్టుకున్న సర్వేలో ఆ సమయం దొరకదు.

ఈ అధ్యయనం అచ్చు కాకముందే, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు అప్పటికే రాష్ట్రాన్ని కుదిపేశాయి. సగటున పెద్ద మార్పు లేదన్న మాటకూ, కొన్ని ఇళ్లు నిలువునా కూలిపోయాయన్న మాటకూ పొసగకపోవడమేమీ లేదు. బాగుపడ్డ ఇల్లూ, చితికిపోయిన ఇల్లూ సగటులో ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే సర్వే పట్టికల పక్కన, అదే బస్తీలో నెలల తరబడి కూర్చుని విన్న కథనాలూ ఉండాలి. తేలిన ఫలితాలను రెండు పేజీల తెలుగులో రాసి, జవాబులిచ్చిన ఆడవాళ్ల ముందు చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. పక్కన పెట్టిన ఆ 16 బస్తీల్లో ఎవరు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకుని పూట గడుపుకున్నారో అడగడం అలా చదివి వినిపించే చోటి నుంచే మొదలుకావచ్చు.