తీగ లేని తరుగుడు యంత్రం – మంచిచెడ్డలు

గృహోపకరణాలను గూర్చి ముచ్చటించుకొనే ఈ శీర్షికలో ఈసారి చేతిలో ఇమిడిపోయే ఒక చిన్న యంత్రాన్ని పరిశీలనకు తీసుకొంటున్నాము. మంచినీళ్ళ గ్లాసంత గిన్నె, అందులో రెండు మూడు రెక్కల కత్తి, మోటారు అమర్చిన మూత, మూతపై ఒక మీట: ఇంతే దీని స్వరూపం. పని చేయించేటప్పుడు గోడకు తగిలించవలసిన తీగ లేదు. మొబైల్ ఫోనుకు వలెనే దీనికి ముందుగా ఛార్జింగు పెట్టుకోవాలి. అంగళ్ళలో దీనిని కార్డ్‌లెస్ చాపర్ అంటున్నారు. ఇది మన వంటింట్లో ఏ పనికి వస్తుంది, ఏ పనికి రాదు అన్నది విచారిద్దాము.

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని తెలుగు కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని ఈ విషయాన్ని చర్చించడం సముచితమని మాకు తోచింది. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ప్రాంతానికి వచ్చిన నాటినుండి శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుండి మనవారు ఉద్యోగార్థులై అక్కడికి తరలివెళ్ళి తరతరాలుగా స్థిరపడ్డారు. వారి సామానులో కత్తిపీట కూడా వెళ్ళింది. అక్కడ దానికి పరాయితనం కలుగలేదు. బెంగాలీ ఇళ్ళలో అదే పరికరాన్ని 'బొంటి' అంటారు. కూరగాయలకు ఒకటి, చేపలకు వేరొకటి ఉంచుకొనే ఆచారం వారిది. నేలపై కూర్చుండి, పీటను కాలితో అదిమిపట్టి, రెండు చేతులతో కాయను కత్తి వైపునకు నెట్టే విధానం ఇరువురికీ ఒక్కటే.

అయితే ఈ విధానానికి మోకాళ్ళు వంగాలి, నడుము నిలవాలి, మణికట్టులో బలముండాలి. తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరేవారికి క్యారియరు సర్దవలసిన ఇంట్లో ఇవి రోజూ పరీక్షకు నిలిచేవే. పదవీ విరమణ చేసి ఇద్దరే మిగిలిన ఇళ్ళలో సమస్య మరింత సున్నితమైనది. కీళ్ళనొప్పులున్న పెద్దలు కత్తిపీట ముందు కూర్చోలేక, నిలబడి చాకు పట్టలేక, క్రమంగా కూర వండటమే తగ్గించుకొంటారు. ఎవరూ ఫిర్యాదు చేయరు. పచ్చడి మెతుకులతో పూట గడచిపోతుంది. కాబట్టి ఈ యంత్రాన్ని కేవలం వేడుక వస్తువుగా కొట్టివేయడం న్యాయం కాదు.

ముందుగా దీని మేలు చూద్దాము. ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర వంటివి సన్నగా తరగడంలో ఇది దిట్ట. కొబ్బరిని చిన్న ముక్కలుగా చేసి వేస్తే పలుకుగా వస్తుంది. వేయించిన వేరుసెనగ గింజలు కచ్చాపచ్చాగా నలుగుతాయి. ఉల్లి తరిగేటప్పుడు కణాలు చిట్లి కళ్ళు మండించే వాయువు వెలువడుతుంది. మూత బిగించి ఉన్నందున ఆ వాయువు కొంతవరకు లోపలే నిలుస్తుంది; మూత తీసేటప్పుడు మాత్రం ముఖం ప్రక్కకు త్రిప్పుకోవాలి. కరెంటు పోయినప్పుడు కూడా పని ఆగదు.

విద్యుత్తు లెక్కపై ఆసక్తి గల పాఠకులకు ఒక చిన్న గణితం. 3.7 వోల్టుల, 1200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 4.4 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. మోటారు 30 వాట్లదైతే అది తొమ్మిది నిమిషాలకు సరిపోతుంది. ఒక గిన్నెడు ఉల్లిపాయలకు ఇరవై సెకన్లు పట్టిందనుకొంటే ఒక ఛార్జింగుతో పాతిక గిన్నెలు తరగవచ్చు. ఆచరణలో కొంత తగ్గుతుంది. ఇటువంటి ఛార్జింగులు రెండు వందలు అయితే సుమారు ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. ఇక విద్యుత్ బిల్లును గూర్చి చింత అనవసరం.

ఇప్పుడు లోపాలు. మొదటిది, ఈ యంత్రానికి ఆకారం తెలియదు. మన వంటలో ముక్క ఆకారం రుచిలో భాగం. గుత్తివంకాయకు కాయ విడిపోకుండా నాలుగు చీలికలు కావాలి. సాంబారులో ములక్కాడకు వేలెడు పొడవు కావాలి. బెంగాలీలు కూడా శుక్తోకు పొడవు ముక్కలు, ఆలూ భాజాకు సన్నని పుల్లలు వేరువేరుగా తరుగుతారు. చాపరులో వేసినదంతా ఒకే తీరు తురుమవుతుంది. బెండకాయ వేస్తే జిగురు తేలుతుంది. పనసపొట్టు సంగతి చెప్పనక్కరలేదు; ఆ పీచుకు, ఆ పాలకు చిన్న మోటారు తట్టుకోలేదు. నూనె రాసిన కత్తితో చేత్తో కొట్టవలసినదే.

రెండవది, నీరు. మీట అదేపనిగా నొక్కి ఉంచితే ఉల్లి ముక్కలు నలిగి నీరు కారతాయి. వేపుడుకు వేస్తే వేగక ఉడుకుతాయి. గిన్నెను సగానికి మించి నింపక, మీటను ఆగి ఆగి మూడు నాలుగు సార్లు నొక్కడం ఉత్తమం.

మూడవది, పరిమాణం. సాధారణంగా దొరికే చిన్న గిన్నె 250 మిల్లీలీటర్లది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి చాలు. పదిమందికి వండే రోజున నాలుగైదు సార్లు నింపడం, దులపడం, మరల నింపడంలోనే మిగిలిన సమయం ఖర్చవుతుంది. పని ముగిశాక గిన్నె, కత్తి, రబ్బరు చుట్టు కడగాలి. మోటారున్న మూతను నీటిలో ముంచరాదు, తడిగుడ్డతో తుడవాలి. ఒక్క ఉల్లిపాయ కోసం యంత్రాన్ని బయటకు తీయడం కంటె చాకే మేలు.

నాల్గవ లోపం అన్నింటికంటె ముఖ్యమైనది. కత్తిపీట మొండిదైతే సాన పట్టించుకోవచ్చు. తరువాతి తరానికి అప్పగించవచ్చు. ఈ యంత్రపు ఆయుష్షు దాని బ్యాటరీ ఆయుష్షే. లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగుల తరువాత క్షీణిస్తుంది. చాలా చౌక రకాలలో దానిని విప్పి మార్చే వీలుండదు. కొనే ముందు బ్యాటరీ మార్చవచ్చునా, విడి కత్తి, విడి గిన్నె దొరుకుతాయా అని అడిగి తెలుసుకోవాలి. పొయ్యి ప్రక్కన వేడి తగిలేచోట ఉంచరాదు. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే వెంటనే వాడకం మానాలి. పాడైనదానిని చెత్తబుట్టలో వేయరాదు. చెత్త బండిలో నలిగితే నిప్పు పుట్టే ప్రమాదముంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. మన వంతు దానిని వేరుగా అప్పగించడం.

పిల్లలున్న ఇంట్లో మరొక హెచ్చరిక. మూత సరిగా కూర్చోనిదే తిరగని రకాన్నే ఎన్నుకోవాలి. గిన్నె కడిగేటప్పుడు ముందు కత్తిని కాడ పట్టుకొని బయటకు తీయాలి. తీగ లేదు గనుక ప్లగ్గు తీసివేశామన్న నిశ్చింత ఇక్కడ లేదు. శక్తి ఎల్లప్పుడూ మూతలోనే ఉంటుంది.

చేతిలో సత్తువ ఉన్నవారికి త్రాడు లాగి త్రిప్పే చాపరు కూడా ఉన్నది. బ్యాటరీ బెడద లేదు, ధర తక్కువ, పని దాదాపు అంతే. కాని త్రాడు లాగడానికి భుజం సహకరించాలి. ఆ భుజమే నొప్పి పెట్టేవారికి మీట నొక్కే యంత్రం నిజమైన ఆసరా.

మా అభిప్రాయం ఇది. పెద్దలిద్దరే ఉన్న ఇంటికి, చేతులు సహకరించని వారికి, తెల్లవారుజామున తొందరపడే చిన్న సంసారానికి ఈ యంత్రం కొనదగినదే. పెద్ద కుటుంబానికి, రోజూ ముక్కల కూర వండే ఇంటికి కత్తిపీట, చాకు చాలును. ఏమైనా కత్తిపీటను అటక ఎక్కించవద్దు.

దూరప్రాంతాలలో ఉద్యోగాలు చేసుకొంటూ తల్లిదండ్రులకు కానుకగా దీనిని పంపదలచిన యువతకు మా మనవి ఒక్కటే. ధర చూడక మునుపు ఆ ఇంట్లో రోజూ కూర తరిగేవారిని అడగండి: ఏది తరగడం కష్టంగా ఉన్నది, ఎక్కడ నొప్పి పెడుతున్నది అని. వచ్చే సమాధానాన్ని బట్టి యంత్రం కావాలో, ఎత్తు బల్ల, మంచి చాకు కావాలో, సాయానికి మరొక చెయ్యి కావాలో తేలుతుంది.