కక్కుతోందా... పారేయకండి!

ముచ్చటపడి చేత్తో చేసిన పెన్ను కొన్నారు. నల్లగా, లావుగా చూడ్డానికి భలేగా ఉంది. ఇంటికొచ్చి సిరా పోశారు. మూడో రోజుకి చొక్కా జేబు మీద రూపాయి బిళ్లంత నీలి మచ్చ. 'ఇంతోటి దానికి అంత డబ్బు పోశారా' అని ఇంట్లో వాళ్లు అననే అంటారు. ఇంకేముంది, పెన్ను కాస్తా సొరుగులోకి! చిత్రమేమంటే, అలా మూలపడే పెన్నుల్లో చాలావాటి జబ్బు ఇంట్లో కుదిరేదే.

వీటి తయారీ తీరే వేరు. సహజ రబ్బరుకి గంధకం కలిపి గట్టిపరిచిన ఎబొనైట్ కడ్డీని లేత్ మీద ఒక్కోటిగా చెక్కుతారు. మరలు కోస్తారు, పాళీ కింద ఉండే నాలుకకి సన్నటి గాడి పెడతారు. గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన రాజమండ్రి రత్నం పెన్నూ ఇలాంటి చేతిపనే. అందుకే ఏ రెండూ అచ్చం ఒక్కలా ఉండవు. ఒకదాని మూత ఇంకోదానికి సరిగ్గా పట్టకపోవచ్చు కూడా.

కొత్త పెన్ను సరిగా రాయకపోతే ముందు కడగండి. చెక్కినప్పటి పొడి, నూనె జిడ్డు గాడిలో ఉండిపోయి సిరాకి అడ్డం పడుతుంటాయి. గోరువెచ్చటి నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రావణం చాలు. మరుగుతున్న నీళ్లు మాత్రం వద్దు, ఎబొనైట్ నిగనిగ పోతుంది. కడిగాక ఎండలో ఆరబెట్టకండి. నలుపు కాస్తా గోధుమ రంగుకి తిరిగితే మళ్లీ మెరుగు పట్టించాల్సిందే.

ఇక కక్కడం. సిరా మరల దగ్గర ఊరుతోందా, పాళీ దగ్గర కారుతోందా ముందు చూడండి. మరల దగ్గరైతే శుభ్రంగా తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగిస్తే సరి. పాళీ దగ్గరైతే తప్పు చాలాసార్లు పెన్నుది కాదు, మనదే! నేరుగా గొట్టంలోకి సిరా పోసే పెన్నులో సిరా తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాని బయటికి నెడుతుంది. పావు వంతు మిగిలిందనగానే నింపేస్తే ఈ బాధ తగ్గుతుంది. అయినా ఆగకపోతే పాళీ, నాలుక ఒకదానికొకటి సరిగ్గా ఆనుకోవడం లేదన్నమాట. అది చేసినవాళ్ల చేతికి వదిలేయడం మంచిది.

గీరుకుంటోందా? వెనకటికి బడిపిల్లలు పాళీని గచ్చు మీద రుద్దేవారు. చీలికలో బ్లేడు ముక్క పెట్టి లాగేవారు. ఆ వైద్యంతో బతికిన పాళీలకన్నా చచ్చినవే ఎక్కువై ఉంటాయి. పాళీ కొసన ఉండే గట్టి లోహపు బొట్టు అరిగిపోతే మళ్లీ రాదు. భూతద్దం పెట్టి చూడండి. రెండు రెక్కల్లో ఒకటి పైకి లేచి ఉంటే, దాన్ని గోటితో మెల్లగా కిందికి నొక్కితే సమమవుతుంది. అప్పటికీ గీరుకుంటే పాళీ మార్పించుకోండి. మొత్తం పెన్నుతో పోలిస్తే ఆ ఖర్చు తక్కువే.

పగులు కనిపిస్తే మాత్రం జిగురు జోలికి పోవద్దు. బిగించిన ప్రతిసారీ అది విచ్చుకుంటూనే ఉంటుంది. చేసినవాళ్లకే పంపాలి. అదీ పగిలిన ముక్కొక్కటే కాదు, మూతతో సహా పెన్నంతా. కొత్త గొట్టానికి మరలు కోయాలంటే మిగతా భాగాలు వాళ్ల చేతిలో ఉండాలి కదా.

లేత్ గీతలు, మెరుగు సరిగ్గా అందని చోట్లు ఉన్నాయంటారా? వాటితో రాతకి వచ్చే నష్టమేమీ లేదు. మెత్తటి గుడ్డతో తుడిచి రాసుకోండి. పంపే ముందు సిరా ఒంపేసి, కడిగి, ఆరనిచ్చి, ఏం జబ్బో చీటీ మీద రాసి జత చేయండి. వీలైతే ఆ పెన్నుతోనే రాయండి. అదెలా గీరుకుంటోందో, ఎక్కడ ఆగుతోందో చీటీ చూడగానే వాళ్లకి తెలిసిపోతుంది.