మద్యము దుకాణము: యజమాని మారిన చాలునా?

మద్యము దుకాణములను ప్రభుత్వమే నడుపవలెనా, ప్రైవేటు వ్యాపారులకు అప్పగింపవలెనా అను వివాదము మన రాష్ట్రమున కొన్ని యేండ్లుగా సాగుచున్నది. మద్యము మా మతమున నిషిద్ధమన్న సంగతి అందరెరిగినదే. ఆ ఆధారముపై ఇచ్చట వాదింపబోము. ఇది కులమతముల ఎల్లలు దాటి ప్రతి బీదయింటి గడపను తాకు విషయము.

2019 అక్టోబరు 1 నుండి చిల్లర అమ్మకమును ప్రభుత్వము తన బేవరేజెస్ కార్పొరేషను ద్వారా స్వయముగా చేపట్టినది. 4,380 దుకాణములను 3,500కు తగ్గించినది. ఈ పద్ధతిలో ఒక సుగుణము లేకపోలేదు. జీతగాడైన సేల్స్‌మనుకు ఒక సీసా అదనముగా అమ్మినందువలన ఒరుగునది ఏమియు లేదు. కాని 2020 మే నెలలో ధరలను 75 శాతము పెంచి, ప్రియమైనచో త్రాగుట తగ్గునని చెప్పిరి. మన తీరము సంగతి ఎరిగినవారికి ఆ లెక్క ఎచ్చట తప్పినదో తెలియును. కాకినాడకు చేరువనే యానాం ఉన్నది. అది పుదుచ్చేరి పాలనలోనిది. అచ్చట పన్ను తక్కువ, ధర తక్కువ. ఇచ్చట పెరిగిన ధర అచ్చటి సీసాకు గిరాకి తెచ్చినది. ఆ సంవత్సరమే జూలై చివర, కరోనా కట్టడి వలన దుకాణములు మూసియుండగా, ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. వ్యసనము ముదిరినవానిని ధరయు ఆపలేదు, తాళమును ఆపలేదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. అంచెలంచెలుగా నిషేధము వైపు నడుచుచున్నామని ప్రకటించిన కాలముననే, 2022లో, ఆ కార్పొరేషను బాండ్ల ద్వారా 8,305 కోట్ల రూపాయల అప్పు తెచ్చినది. రేపటి అమ్మకమును చూపి నేడు అప్పు తెచ్చినవాడు, రేపు అమ్మకము తగ్గవలెనని మనస్ఫూర్తిగా కోరునా?

2024లో ప్రభుత్వము మారినది, విధానమును మారినది. 3,396 దుకాణములకు 89,882 దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగి ఇయ్యబడని రుసుము రెండు లక్షలు. అనగా ఒక్క సీసా అమ్ముడుపోక మునుపే ఖజానాకు సుమారు 1,797 కోట్లు చేరినవి. అక్టోబరు 14న లాటరీ తీసి, 16 నుండి దుకాణములు తెరిచిరి. 99 రూపాయలకే క్వార్టరు సీసా వచ్చినది. కోరిన రకము దొరకుచున్నదని కొందరు సంతసించిరి. మేమును ఒక లెక్క వేసి చూచితిమి. 2024లో పదివేల లోపు జనాభా గల ప్రాంతములో లైసెన్సు రుసుము ఏటికి 50 లక్షలుగా ఉండెను. దినమునకు ఇంచుమించు 13,700 రూపాయలు. అద్దె, జీతములు గాక ఈ మొత్తము ముందుగా రాబట్టవలెను. అట్టి వ్యాపారి సందులోని బెల్టు షాపును ఎట్లు చూచును? శత్రువుగా మాత్రము చూడడు.

కావున ప్రభుత్వ దుకాణములో ఖజానా ఆశ, ప్రైవేటు దుకాణములో ఖజానా ఆశతో పాటు వ్యాపారి ఆశ. టోకు అమ్మకము 1986లో ఏర్పడిన కార్పొరేషను చేతిలోనే నేటికిని ఉన్నది. రాజ్యాంగపు 47వ అధికరణము మత్తుపానీయముల నిషేధమునకు ప్రయత్నింపుమని రాజ్యమునకు చెప్పుచున్నది. ఖజానా వాదమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. మన విద్యార్థుల ఫీజు రీయింబర్సుమెంటు వచ్చునదియు ఆ ఖజానా నుండియే.

ఈ ఊగిసలాట కొత్తది కాదు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము మద్యనిషేధపు వివాదముననే ఒక్క వోటు తేడాతో పడిపోయినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినది, 1997లో తొలగినది. వీనియన్నిటిలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది 1992 నాటి దూబగుంట. నెల్లూరు జిల్లాలోని ఆ పల్లె స్త్రీలు రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచు సారా దుకాణముపై తిరుగబడిరి. ఆ ఉద్యమము ఊరూర వ్యాపించి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధమునకు దారితీసినది. దుకాణము ఎవరిదని వారడుగలేదు. మా ఊర ఏల ఉండవలెనని అడిగిరి.

2019లోగాని, 2024లోగాని ఆ ప్రశ్నకు తావు దొరకలేదు. ఉప్పాడ సంగతియే చూడుడు. అచ్చట మగ్గముపై జాంధానీ చీర వారముల తరబడి నేయవలెను. అది పూర్తియైన నాడే ఇంటికి డబ్బు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరువదియొక్క దినములు సముద్రమున వేట నిషేధము, పడవలు ఒడ్డెక్కును. ఆ దినములకై ఇచ్చు భృతిని 2025లో ఇరువది వేలకు పెంచిరి. వేట ఆగినను దుకాణము ఆగదు. భృతి సొమ్ము ఏ దారి పట్టునో ఆ యింటి ఇల్లాలికి తెలిసినంతగా ఎక్సైజు శాఖకు తెలియదు. ఐనను దుకాణము ఎచ్చట పెట్టవలెనని ఆమెను అడుగువారు లేరు.

మహారాష్ట్రలో ఇందుకొక మార్గము కలదు. ఊరి స్త్రీలు నిర్ణీత సంఖ్యలో అర్జీ పెట్టినచో వోటింగు జరుపుదురు. వోటు పత్రముపై నిలువు సీసా, అడ్డ సీసా అని రెండు గుర్తులుండును. అడ్డ సీసా గెలిచినచో దుకాణము మూయవలసినదే. చదువురాని అమ్మకును ఆ గుర్తు తెలియును. అట్టి నియమము మన రాష్ట్రమునను రావలెనని మా కోరిక. ఒక ఊర మూసిన పొరుగూరికి పోవుదురని ఆక్షేపింతురు. పోవచ్చును, కాని పొరుగూరి స్త్రీలకును అదే వోటు ఉండును గదా. యానాం సంగతి వేరు. దానికి సరిహద్దు తనిఖీ గట్టిగా ఉండవలెను.

మన ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు శిబిరములకు వెళ్లినప్పుడు గ్రామసభలో ఈ విషయమును ప్రస్తావనకు తేవచ్చును. కళాశాల కమిటీవారు అందుకు అనుమతింతురని ఆశించుచున్నాము.