క్లచ్ జారితే మెకానిక్ జీతం కోసుడేంది?

పోస్టు జర పెద్దగ ఉంటది. గ్యారేజీల పనిచేసేటోళ్లు ఆఖరు దాకా చదువండి. కారు కొనుక్కున్నోళ్లు కూడా చదువండి, మీకూ పనికొస్తది.

మా రూమ్ పిలగాని జీతంల 1,400 దిర్హమ్స్ కోస్తున్నరు. ఈ నెల 700 పోయినయి, వచ్చే నెల ఇంకో 700. వాని జీతమే 1,800. జగిత్యాల దిక్కు పిలగాడు, వచ్చి ఏడాదిన్నర అయింది, ఏజెంటుకిచ్చిన అప్పు ఇంక తీరలే. వాడు చేసిన నేరం ఏందంటే, వాడు బిగించిన క్లచ్ నాలుగు రోజులకే జారింది. ఈ ముచ్చట మన గ్రూపుల పెడితే కొందరు అన్నలు ఏమన్నరు? "పని రాకపోతే కోస్తరు మరి, ఊకెనే ఇస్తరా?" అన్నరు. గా మాటకే ఈ పోస్టు రాస్తున్న. నేను షార్జా సనయ్యల పదకొండేండ్ల నుంచి గేర్‌బాక్సులు దించుతున్న. ఆ రోజు పక్క బండి కింద నేనే ఉన్న.

బండి పాత మోడల్ నిస్సాన్ పెట్రోల్. 4.8 లీటర్ల ఇంజన్, మాన్యువల్ గేరు. ఇక్కడ ఇసుకల గుట్టలెక్కేటోళ్లకు అది ప్రాణం. ఆ ఇంజన్లకు టర్బో పెట్టి వెయ్యి హార్స్ పవర్ దాటించినోళ్లు కూడా ఉన్నరు. ఈ గిరాకీ కూడా వేరే కాడ టర్బో పెట్టించిండు. పవర్ పెరిగింది, కంపెనీ క్లచ్ పట్టలే. ఆన్‌లైన్ల డబ్బా తెప్పించి గురువారం పగటీలి పట్టుకొచ్చిండు. అందుల గట్టి స్ప్రింగు ప్రెషర్ ప్లేటు, సిరామిక్ గుండీల క్లచ్ ప్లేటు ఉన్నయి. రిలీజ్ బేరింగ్ లేదు. రేపు ఇసుకల పోవాలె, రాత్రికి బండి కావాలె అన్నడు. అర్బాబ్ సరే అన్నడు. బండి కింద పండేది అర్బాబ్ కాదు కదా.

ట్రాన్స్‌ఫర్ కేస్‌తోని కలిపి ఆ గేర్‌బాక్సు వంద కిలోల పైన ఉంటది. పిలగాడు, ఇంకో పాకిస్తానీ భాయ్ కలిసి దించిండ్రు. దించినంక ఫ్లైవీల్ చూస్తే నీలం మచ్చలు, వెంట్రుకల లెక్క సన్న పగుళ్లు. ఇంజన్ వెనక సీలు కాడ నూనె చెమట పట్టినట్టు ఉన్నది. పిలగాడు నా ముందటనే ఫోర్‌మన్‌కు చెప్పిండు: "ఫ్లైవీల్ లేత్ షాపుకు పంపి ఫేసింగ్ చేపియ్యాలె, సీలు కొత్తది వెయ్యాలె, బేరింగు మార్చాలె." ఫోర్‌మన్ ఏమన్నడు? "టైమ్ లేదు, గిరాకీ పైసలియ్యడు, సాండ్ పేపర్ కొట్టి బిగించు." వాడు బిగించిండు. అలైన్‌మెంట్ టూల్ పెట్టిండు, బోల్టులు ఎదురెదురుగ కొద్దికొద్దిగ టైట్ చేసి ఆఖరుకు టార్క్ రెంచ్ పెట్టిండు. గేర్‌బాక్సు షాఫ్టు పండ్లకు గ్రీసు ఉండీ లేనట్టు రాసిండు. పనిరానోడు చేసే పనేనా ఇది?

ఇగ "పని రాదు" అన్నోళ్లకు క్లచ్ సంగతి. క్లచ్ ఎంత బలం పట్టుకుంటదనేది నాలుగిటి మీద ఉంటది: ప్రెషర్ ప్లేటు ఎంత గట్టిగ ఒత్తుతది, ప్లేటు మీది సరుకు ఎంత గరుకు, ప్లేటు ఎంత పెద్దది, రాసుకునే ముఖాలు ఎన్ని. అందుకే కొందరు ఒక ప్లేటు జాగల రెండు ప్లేట్లది వేస్తరు, ముఖాలు రెండింతలయితయి. అయితే ఆ ముఖం ఒరుసుకునేది ఫ్లైవీల్ మీదనే. ఫ్లైవీల్ గుంటలు గుంటలుగ ఉంటే మీరు ఎంత ఖరీదు ప్లేటు పెట్టినా అది సగం జాగలనే ఆనుతది. ఆనిన కాడ కాలుతది, బండి వణుకుతది. సీలు నుంచి నూనె పడితే ఇగ చెప్పేదే లేదు, సిరామికైనా జారుడే. కొత్త క్లచ్ వేసినంక ఒక 500 కిలోమీటర్లు ఊర్ల సిగ్నళ్ల మధ్య మెల్లగ నడిపితే ముఖాలు ఒకదానికొకటి కుదురుతయి. ఈ గిరాకీ తెల్లారే టైర్ల గాలి దించి ఇసుకల దిగిండు. ఇసుకల హాఫ్ క్లచ్ మీద గుట్టెక్కుడంటే ప్లేటును పొయ్యి మీద పెట్టినట్టే.

నాలుగో రోజు బండి వాపసొచ్చింది. గేర్‌బాక్సు దించి చూస్తే ప్లేటు మీద నూనె, ఫ్లైవీల్ మీద కొత్త నీలం మచ్చలు. గిరాకీ లొల్లి పెట్టిండు. అర్బాబ్ అడిగింది ఒక్కటే మాట: ఎవడు బిగించిండు? సాండ్ పేపర్ చాలన్న ఫోర్‌మన్ గోడ దిక్కు చూసిండు. నేనూ నోరు తెరవలే. నా వీసా రెన్యువల్ ఆ నెలనే ఉండె. రాస్తుంటే సిగ్గయితుంది గాని, దాచిపెట్టి ఇంకొకల్లను తిడితే ఏం లాభం.

"అర్బాబ్ చెప్పినట్టు చెయ్యాలె, మనకెందుకు" అంటరు కొందరు. చెయ్యండి, నేను వద్దంటలేను. కాకపోతే నోటి మాట మీద చెయ్యకండి. ఫ్లైవీల్ ఫొటో తీసి ఫోర్‌మన్‌కు వాట్సాప్ కొట్టండి. "ఫేసింగ్ కావాలె, సీలు లీకు ఉన్నది, గిరాకీ వద్దన్నడు" అని జాబ్ కార్డు మీద రాసి గిరాకీతోని సంతకం తీసుకోమని అడగండి. వద్దంటే వద్దన్నట్టే మెసేజ్ పెట్టండి. హిందీల పెట్టినా నడుస్తది. నా మీద కూడా ఒకసారి కోత పెట్టబోయిండ్రు, ఫోన్ల ఫొటో చూపిస్తే ఆగింది. పిలగానికి ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది.

యూఏఈల 2021 నాటి 33వ నంబరు లేబర్ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తున్నది. జీతం ఏ కారణాలకు కొయ్యొచ్చో అందుల రాసి ఉన్నది, అన్ని కోతలు కలిపినా సగం జీతం దాటొద్దు. మా అర్బాబ్‌కు ఈ సంగతి మనకంటే మంచిగ ఎరుక. అందుకే 1,400ను రెండు ముక్కలు చేసిండు.

ఇంకో మాట, రీల్స్ చేసే తమ్ముళ్లకు. "స్టేజ్ 3 క్లచ్ మూడు గంటలల్ల" అని పాట పెట్టి వీడియో పెడుతున్నరు. స్టేజ్ అంటే అన్ని కంపెనీలకు ఒక్కటే లెక్క లేదు, ఎవని నంబరు వానిది. మీ వీడియో చూపించి గిరాకీలు మాకు టైమ్ పెడుతున్నరు. దాంట్ల ఇంకో తమ్ముడు క్లచ్ దుమ్మును కంప్రెసర్ గాలితోని కొడుతున్నడు, మూతికి గుడ్డ లేదు. పాత ప్లేట్లల్ల ఆస్బెస్టాస్ ఉండేది బిడ్డా, అది ఊపిరితిత్తులల్ల పడితే బయటికి రాదు. తడిగుడ్డతోని తుడువు.

కారు కొనుక్కున్న అన్నలు, మీరు పాత సన్నీకో కరోలాకో గట్టి క్లచ్ అడుగుతున్నరు. ఇంజన్ పవర్ పెంచనోళ్లకు అది దండుగ. అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద పొద్దున ట్రాఫిక్కుల ఆ పెడల్ తొక్కుతుంటే ఎడమ మోకాలు పోతది. తొక్కినప్పుడల్లా క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ మీద కూడా బరువు పడతది. కంపెనీ క్లచ్ వేయించుకోండి, మిగిలిన పైసలు ఫ్లైవీల్ ఫేసింగుకు, రిలీజ్ బేరింగుకు పెట్టండి. మెకానిక్ ఇవి కావాలంటే బిల్లు పెంచుతున్నడని అనుమానపడకండి.

నిన్న అదే పెట్రోల్‌కు అదే పిలగాడు మళ్లా గేర్‌బాక్సు ఎక్కించిండు. ఈసారి ఫ్లైవీల్ లేత్‌కు పోయొచ్చింది, సీలు కొత్తది పడింది, బేరింగు కూడా పడింది. వాటి పైసలు గిరాకీనే ఇచ్చిండు. కోసిన 700 మాత్రం వాపసు రాలే.