లావెండర్ వెళ్ళిపోయాక

మా ఆవిడ నా ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకుని "మంగలి షాపు వాసన" అని తేల్చేసింది. మూడొందల రియాళ్ళు పోసి కొన్న సెంటు అది. కొట్టుకుని అప్పటికి పది నిమిషాలే అయింది.

తప్పు నాదే లెండి. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రియాద్‌లో ఓ మాల్‌లో ఆగాను. దుకాణంలో కుర్రాడు కాగితం ముక్క మీద ఒకసారి పిచికారీ కొట్టి, "లావెండర్, అంబర్" అంటూ చేతికిచ్చాడు. భలే ఉంది అనుకుని కార్డు తీసేశాను. క్లయింట్లకి డెమోలు చూపించి పొట్ట పోసుకునేవాణ్ణి, నేనే డెమో చూసి పడిపోయాను. సీసా తెరిచాక వాపసు లేదట.

సెంటుని కాగితం మీద కాదు, ఒంటి మీద చూడాలి. అదీ కనీసం నాలుగు గంటలు ఆగి చూడాలి. దీని మీద నేనిప్పుడు ఎవరితోనైనా వాదనకి సిద్ధం.

ఎందుకంటే లావెండర్ ఆగదు. అందులో ముఖ్యమైన సరుకు లినలూల్, లినలైల్ ఎసిటేట్. లినలూల్ మనకేమీ కొత్త కాదు, ధనియాల నూనెలో ఎక్కువ భాగం అదే. ఒంటి వేడికి ఇవి తొందరగా ఆవిరై పోతాయి. బయట నలభై అయిదు డిగ్రీలుంటే చెప్పనే అక్కర్లేదు. అడుగున వనిలిన్ లాంటివి మిగులుతాయి. తమాషా ఏమిటంటే లినలూల్ అణుభారం 154, వనిలిన్‌ది 152. బరువులో తేడా లేదు, కానీ మరిగే వేడి మొదటిదానికి 198 డిగ్రీలు, రెండోదానికి 285. వనిలిన్ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. బరువైనవే ఆలస్యంగా ఎగురుతాయని అనుకునే నాలాంటివాళ్ళకి ఇదో పాఠం. ఈ జోడీ పాతదే: 1889లో గెర్లాన్ వాళ్ళ జికీలో ఉంది, 1934లో కారోన్ వాళ్ళు మగవాళ్ళకోసం తెచ్చిన పూర్ అన్ ఓమ్‌లో ఉంది.

ఇక అంబర్. అరబ్బీలో ఈ మాట స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థానిది. యూరప్‌వాళ్ళు అదే మాటని శిలాజమైన చెట్టు జిగురుకీ తగిలించారు. సెంటు సీసా మీద రాసే అంబర్ సాధారణంగా ఈ రెండూ కాదు. లాబ్డనమ్ అనే మధ్యధరా పొద జిగురు, బెంజోయిన్, వనిల్లా కలిపి కట్టిన వాసన అది.

బెంజోయిన్ అంటే ఎవరో అనుకునేరు, మన సాంబ్రాణి! అరబ్బులు దాన్ని లుబాన్ జావీ, అంటే జావా ధూపం అన్నారు. అది నోళ్ళలో నలిగి బెంజోయిన్ అయింది, దాన్నుంచి బెంజీన్ కూడా పుట్టింది. ఇక్కడి ధూపం కొట్లలో ఇప్పటికీ జావీ అని అడిగితే ఇస్తారు.

ఆ రాత్రి పదింటికి భోజనాల దగ్గర మా ఆవిడ గాలి పీల్చి "సాంబ్రాణి వేశారా ఏమిటి?" అంది. వెయ్యలేదు. చెయ్యి చాపాను. ఈసారి చాలాసేపు వదల్లేదు. చిన్నప్పుడు తలంటు పోశాక వాళ్ళమ్మమ్మ బుట్ట బోర్లించి, కింద నిప్పుల మీద సాంబ్రాణి చల్లి జుట్టు ఆరబెట్టేదట. ఇప్పుడు కప్పుల్లో దొరికే కంప్యూటర్ సాంబ్రాణి కాదు, అసలుది. ఆవిడ పోయినప్పుడు మాకు ఎగ్జిట్ రీఎంట్రీ వీసా సమయానికి రాలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. ఆ రాత్రి ఆమె ఎత్తింది.

సౌదీవాళ్ళకి ఇదంతా ఎప్పుడో తెలుసు. ముందు ఒంటికి ఊద్, అంబర్ నూనెలు రాసుకుంటారు, దానిమీద స్ప్రే, ఆపైన బఖూర్ పొగ. ఆలోచిస్తే మన ఆడవాళ్ళూ అంతే కదా, అడుగున సాంబ్రాణి, పైన మల్లెపూలు. అడుగున ఉన్నది మర్నాటికీ ఉంటుంది, పూలు తెల్లారేసరికి వాడిపోతాయి. నేనేమో పైదానికే మూడొందలు పెట్టాననుకుని ఏడ్చాను.

కిందటి వారం మస్మక్ కోట దగ్గరి సూక్ అల్ జల్‌కి వెళ్ళాను. ముసలాయన ముంజేతికి ఒక చుక్క నూనె రాశాడు. రేపు వస్తానన్నాను. మొహం చిన్నబుచ్చుకుంటాడనుకున్నా, నవ్వి రెండో చేతికి ఇంకొకటి రాశాడు. స్నానం చెయ్యకుండా పడుకున్నందుకు ఇంట్లో చీవాట్లు పడ్డాయి.