కంపెనీ గేటు అడగని కాగితాలు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనికి మనిషి కావాలంటే కాంట్రాక్టర్ ఒక్క ఫోన్ కొడితే చాలు. ఒడిశా నుంచో, బిహార్ నుంచో, శ్రీకాకుళం నుంచో దిగినవాడు మర్నాడే షిఫ్టు ఎక్కుతాడు. అదే మనిషి కూతుర్ని మూడో తరగతిలో చేర్చడానికి బడికొస్తే మాత్రం ఎక్కడలేని కాగితాలూ గుర్తొస్తాయి. టీసీ ఏది? ఆధార్ ఏది? పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఏది? నైట్ షిఫ్టు దిగి, ఎర్రబడ్డ కళ్ళతో పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డ తండ్రికి దొరికే జవాబు: "టీసీ తెచ్చినంక రా, పో."

ఆ టీసీ పాత ఊళ్ళో ఏదో ప్రైవేటు బడి బీరువాలో ఉంటుంది. ఫీజు బకాయి కడితేనే తాళం తీస్తారు. అప్పుకి బంగారం కుదువబెట్టుకోవడం చూశాం. చిన్నపిల్ల చదువును కుదువబెట్టుకొమ్మని వీళ్ళకెవరు చెప్పారు?

చట్టమైతే చెప్పలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం తీసి చదవండి. సర్కారు బడికో ఎయిడెడ్ బడికో మారే పిల్లలకు పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఇది 5వ సెక్షన్. వయసు కాగితం లేదని తిప్పి పంపొద్దంటుంది 14వది. గడువు దాటినా కాదనొద్దంటుంది 15వది. చేర్చుకునేముందు ఏ బడి అయినా పిల్లకు ఇంటర్వ్యూ పెడితే మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది. ఇంకేం కావాలి?

ఆన్‌లైన్‌లో పాత బడి నుంచి పేరు కదలందే మేమేం చేస్తామంటారు హెడ్మాస్టర్లు. ముందు పిల్లను తరగతిలో కూర్చోబెట్టండి సారూ, కంప్యూటర్ గొడవ మండల విద్యాధికారి (ఎంఈవో) చూసుకుంటాడు! జూన్‌లో బడిబాట పేరుతో బ్యానర్లు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు, మంచిదే. కంపెనీ పనులు జూన్ చూసుకుని రావు. దసరాకి ఒకడి పని పోతుంది, సంక్రాంతి దాటాక ఇంకొకడు కుటుంబంతో వచ్చి కిరాయి గది వెతుక్కుంటాడు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమ పేలి 40 మందికి పైగా చనిపోయారు. ఎవరి శవం ఎవరిదో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షల దాకా పోవాల్సి వచ్చింది. ఎన్ని రాష్ట్రాల మనుషులు ఈ బెల్టును నడుపుతున్నారో చాలామందికి ఆ రోజే తెలిసింది. తండ్రి చెమటకి అడ్డురాని రాష్ట్ర సరిహద్దు బిడ్డ పలకకి ఎందుకు అడ్డొస్తోంది?

ఇస్నాపూర్ చౌరస్తాలో 5వ సెక్షన్‌ను తెలుగులో, హిందీలో, ఒడియాలో బోర్డు మీద రాయించండి. కింద ఎంఈవో ఫోన్ నంబరు వేయండి. టీసీ ఆపిన బడికి నోటీసివ్వండి. ఒక్క బడి గుర్తింపుకి ఎసరొచ్చిందంటే చాలు, మిగతా బీరువాల తాళాలు వాటంతటవే ఊడిపడతాయి.